మేలు చేసే పేగు బ్యాక్టీరియాను గుర్తించడానికి ఏ జన్యువు చదివించాలి?

పెరుగు నుంచో, ఇడ్లీ పిండి నుంచో, పసిబిడ్డ మలం నుంచో ఒక బ్యాక్టీరియాను వేరు చేశారనుకుందాం. లాక్టిక్ ఆమ్ల బ్యాక్టీరియాను పెంచే ఎంఆర్‌ఎస్ అగార్ మీద తెల్లటి, నున్నటి కాలనీలు వచ్చాయి. తొలి పరీక్షల్లో గ్రామ్ పాజిటివ్, కెటలేజ్ నెగెటివ్ అని తేలింది. లాక్టిక్ ఆమ్ల బ్యాక్టీరియా అయ్యుంటుందన్న నమ్మకం కుదిరింది. అది ఏ ప్రజాతి (జీనస్), ఏ జాతి (స్పీషీస్), ఆ జాతిలో ఏ స్ట్రెయిన్ (ప్రత్యేక వంశం) అన్నది తేల్చాలి. సూక్ష్మదర్శినిలో రూపం చూసో, ఏ చక్కెరను పులియబెడుతుందో చూసో పేరు పెట్టే పద్ధతి ఈ గుంపులో చాలాసార్లు దారి తప్పించింది. అందుకే జన్యువు దగ్గరికి వెళ్తాం. ఎంఎస్సీ ప్రాజెక్టు చేసేవాళ్లు, ప్రోబయోటిక్ తయారీలో నాణ్యత చూసేవాళ్లు అందరూ ముందు అడిగేది ఒకటే: 16ఎస్ (రైబోజోమ్‌లోని ఒక ఆర్‌ఎన్‌ఏకు సంబంధించిన జన్యువు) చేయిస్తే చాలదా?

నా సమాధానం ముందే చెప్తాను. మొదలు 16ఎస్‌తోనే పెట్టండి, కానీ అక్కడ ఆగకండి. జాతి తేలాలంటే ప్రోటీన్‌కు సంకేతమిచ్చే జన్యువు ఇంకొకటి కావాలి. ఆ సూక్ష్మజీవి మనుషుల నోట్లోకి వెళ్లే సరుకైతే మొత్తం జీనోమ్, అంటే దాని పూర్తి డీఎన్‌ఏ, చదివించాలి. అయితే ఏ గుంపుకు ఏ జన్యువు పనికొస్తుందన్నది ఒక్క సూత్రంలో ఇమిడే విషయం కాదు.

16ఎస్ ఎక్కడిదాకా తీసుకెళ్తుంది

16ఎస్ ఆర్‌ఆర్‌ఎన్‌ఏ జన్యువుకు ఇంత పేరు రావడానికి కారణం ఉంది. రైబోజోమ్ లేని బ్యాక్టీరియా లేదు కాబట్టి ఈ జన్యువు అన్నింటిలోనూ ఉంటుంది. 1977లో కార్ల్ ఓస్, జార్జ్ ఫాక్స్ ఈ ఆర్‌ఎన్‌ఏను పోల్చి చూసే ఆర్కియా అనే వేరే శాఖను బయటపెట్టారు. సుమారు 1,500 డీఎన్‌ఏ అక్షరాల పొడవున్న ఈ జన్యువులో మారని భాగాల మధ్య తొమ్మిది మారే భాగాలు ఉంటాయి. మారని చోట ప్రైమర్ (పీసీఆర్‌లో కాపీ మొదలుపెట్టే చిన్న డీఎన్‌ఏ ముక్క) కూర్చుంటుంది, మారే చోట తేడా కనిపిస్తుంది. డేటాబేస్‌లలో పోల్చుకోవడానికి లక్షల సీక్వెన్సులు సిద్ధంగా ఉన్నాయి. ఏ సీక్వెన్సింగ్ కేంద్రానికి పంపినా చేసిపెడతారు.

దీన్ని ఇంటిపేరు చెప్పే జన్యువు అనుకోండి. ప్రజాతిని నమ్మకంగా చెబుతుంది. లైమోసిలాక్టోబాసిల్లస్ రూటెరీ, ఫెర్మెంటమ్ లాంటి వాటిని జాతి దాకా కూడా బాగానే పట్టిస్తుంది. ఒకే ఇంటిపేరున్న దగ్గరి దాయాదుల దగ్గరే చేతులెత్తేస్తుంది.

చిక్కంతా మనకు ఎక్కువ కావాల్సినవి ఆ దాయాదులే కావడం. లాక్టిక్ ఆమ్ల బ్యాక్టీరియాలో కేసీ, ప్యారాకేసీ, రామ్‌నోసస్ అనే జాతులు మూడింటికీ 16ఎస్ పోలిక 99 శాతం పైమాటే. ప్లాంటారమ్, పెంటోసస్, ప్యారాప్లాంటారమ్‌లదీ అదే కథ. గాస్సెరీ, జాన్సోనీ ఇంకో జంట. ఇడ్లీ పిండిలో తరచూ దొరికే వైసెల్లా కన్‌ఫ్యూసా, వైసెల్లా సిబారియాలూ అంతే. 97 శాతం దాటితే ఒకే జాతి అనే పాత కొలతను తర్వాత 98.7 దగ్గరికి జరిపారు. అలా జరిపినా ఈ గుంపులకు ఒరిగిందేమీ లేదు, ఎందుకంటే ఇక్కడ వేర్వేరు జాతులే ఆ గీతకు పైన ఉన్నాయి.

ఆచరణలో ఇది ఎలా కనిపిస్తుందో చూడండి. ప్లాంటారమ్ అనుకున్న కాలనీ సీక్వెన్సును బ్లాస్ట్‌లో, అంటే డేటాబేస్‌తో పోల్చి వెతికే సాధనంలో, పెడతారు. పైనున్న వరుసలన్నీ 99.8, 99.9 శాతాలతో వస్తాయి. ఒక వరుసలో ప్లాంటారమ్, కింద పెంటోసస్, మళ్లీ ప్లాంటారమ్, దాని కింద ప్యారాప్లాంటారమ్. విద్యార్థి మొదటి వరుసలో ఉన్న పేరు తీసుకుని థీసిస్‌లో రాసేస్తాడు. ఆ వరుస క్రమం జీవశాస్త్రం చెప్పింది కాదు. ఒకట్రెండు అక్షరాల తేడా, పంపిన సీక్వెన్సు పొడవు, ఎవరో తప్పు పేరుతో జమ చేసిన పాత ఎంట్రీ, వీటన్నిటినీ బట్టి అది తారుమారవుతుంది. పోల్చాల్సింది ప్రామాణిక స్ట్రెయిన్‌తో, అంటే ఆ జాతికి పేరు పెట్టినప్పుడు ఆధారంగా తీసుకున్న స్ట్రెయిన్ సీక్వెన్సుతో. బ్లాస్ట్‌లో ప్రామాణిక స్ట్రెయిన్‌లకే వెతుకును పరిమితం చేసే వెసులుబాటు ఉంది. ఒక్క టిక్కు పెడితే సగం గందరగోళం పోతుంది.

పొడవు విషయంలో పీనాసితనం వద్దు. సాంగర్ పద్ధతిలో ఒక్క వైపు నుంచి చదివిస్తే ఏడెనిమిది వందల అక్షరాలే శుభ్రంగా వస్తాయి. రెండు వైపుల నుంచీ చదివించి కలిపితేనే జన్యువు దాదాపు పూర్తిగా చేతికొస్తుంది. అక్షరాలను శిఖరాలుగా చూపే క్రోమాటోగ్రామ్ తెరిచి కళ్లతో చూడండి. ఒకే చోట రెండు శిఖరాలు కనిపిస్తే కాలనీ కల్తీ అయ్యుండొచ్చు. లేదా ఆ కణంలోనే ఉన్న 16ఎస్ కాపీల మధ్య చిన్న తేడా అయ్యుండొచ్చు. ఈ జన్యువు ఒక్కో బ్యాక్టీరియాలో ఒకటి మొదలు పది పైచిలుకు కాపీల దాకా ఉంటుంది. మలం నమూనాలో శాతాలు లెక్కగట్టేటప్పుడు కాపీలు ఎక్కువున్న జాతి ఉన్నదానికంటే పెద్దదిగా కనిపించేదీ ఇందుకే.

ప్రైమర్ గురించి ఒక హెచ్చరిక. ఎన్నో ఏళ్లుగా అందరూ వాడే 27ఎఫ్ ప్రైమర్ మామూలు రూపం బిఫిడోబ్యాక్టీరియాకు సరిగ్గా అతకదు, కొన్ని అక్షరాలు కలవవు. తల్లిపాలు తాగే పసిబిడ్డ పేగుల్లో రాజ్యమేలేది చాలాసార్లు ఆ బిఫిడోలే. 1899లో పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో హెన్రీ టిస్సియర్ వాటిని మొదట గుర్తించిందీ తల్లిపాలు తాగే బిడ్డల మలంలోనే. ప్రైమర్ ఎంపికలో పొరపాటు జరిగితే నమూనాలో అన్నిటికంటే ఎక్కువున్నదే లెక్కలో తగ్గిపోతుంది. శిశువుల నమూనాల మీద పనిచేసేవాళ్లు బిఫిడోలకు సరిపోయేలా మార్చిన 27ఎఫ్ మిశ్రమం వాడాలి, లేదా తొమ్మిది మారే భాగాల్లో నాలుగోదైన వీ4కు వెళ్లాలి. వీ4 వాటిని లెక్కలోకి తెస్తుంది. వాటిలో జాతుల్ని మాత్రం విడదీయలేదు.

ప్రోటీన్ జన్యువులు: గుంపుకొకటి

ప్రోటీన్ సంకేతంలో మూడేసి అక్షరాలు ఒక అమైనో ఆమ్లాన్ని చెబుతాయి. మూడో అక్షరం మారినా చాలాసార్లు అమైనో ఆమ్లం మారదు. కాబట్టి కణానికి నష్టం లేకుండానే ఆ చోట్లలో మార్పులు పోగవుతాయి. 16ఎస్‌లో ఒకటి రెండు అక్షరాల తేడా ఉన్న దాయాదుల మధ్య ఈ జన్యువుల్లో పదుల కొద్దీ తేడాలు దొరుకుతాయి. కణం బతకడానికి తప్పనిసరైన జన్యువులు కాబట్టి అవి ఎక్కడికీ పోవు. ఈ రెండూ కలిసిరావడమే వీటి బలం.

ప్లాంటారమ్ గుంపుకు నేను ఎప్పుడూ సూచించేది రెక్‌ఎ జన్యువు మీద చేసే మల్టీప్లెక్స్ పీసీఆర్. 2001లో వచ్చిన ఈ పద్ధతిలో మూడు ముందు ప్రైమర్లు, ఒక వెనుక ప్రైమర్ ఒకే ట్యూబులో వేస్తారు. డీఎన్‌ఏ ముక్కలను పొడవును బట్టి విడదీసే జెల్ మీద 318 అక్షరాల బ్యాండ్ వస్తే ప్లాంటారమ్, 218 వస్తే పెంటోసస్, 107 వస్తే ప్యారాప్లాంటారమ్. సీక్వెన్సింగ్ అక్కర్లేదు, బయటికి పంపే పని లేదు, ఒక్క పూటలో తేలిపోతుంది. పీసీఆర్ యంత్రం, జెల్ ట్యాంకు ఉన్న ఏ డిగ్రీ కళాశాల ప్రయోగశాలలోనైనా కుదురుతుంది. చిన్న బ్యాండ్ జెల్ అడుగున ప్రైమర్లు మిగిల్చే మసకలో కలిసిపోతుంది కాబట్టి జెల్ 2 శాతానికి తగ్గకుండా పోయండి. మూడు జాతుల ప్రామాణిక స్ట్రెయిన్‌ల డీఎన్‌ఏ పక్కనే నడపండి. అవి లేకుండా వచ్చిన బ్యాండ్‌ను నేను ఒప్పుకోను.

కేసీ గుంపుకు టఫ్, మ్యూట్‌ఎల్ జన్యువుల మీద పద్ధతులున్నాయి. మ్యూట్‌ఎల్‌లోనూ మూడు జాతులకు వేర్వేరు బ్యాండ్లిచ్చే మల్టీప్లెక్స్ ఉంది కాబట్టి పేదరికంలో ఉన్న ప్రయోగశాలకు అదే మేలు. ఈ గుంపు పేర్ల చరిత్ర మరీ చిక్కు. జపాన్‌లో మినోరు షిరోటా 1930లో వేరు చేసిన స్ట్రెయిన్ దశాబ్దాల పాటు కేసీ పేరుతోనే నడిచింది. ఇప్పుడు దాన్ని ప్యారాకేసీలో చేర్చారు. పాత పరిశోధనా పత్రాల్లో కేసీ అని కనిపిస్తే ఇప్పటి కేసీయే అనుకోకండి.

బిఫిడోలకు హెచ్‌ఎస్‌పీ60 మొదటి ఎంపిక. దీన్నే గ్రోఈఎల్ అని కూడా అంటారు. వేడి తగిలినప్పుడు ప్రోటీన్లు ముద్దకట్టకుండా కాపాడే ప్రోటీన్ తాలూకు జన్యువు ఇది. ఇంకో జన్యువు ఎక్స్‌ఎఫ్‌పీ. బిఫిడోలు చక్కెరను విరిచే ప్రత్యేక మార్గంలో కీలకమైన ఎంజైమ్ దీని నుంచే వస్తుంది. అది బిఫిడోయేనా అని తేల్చుకోవడానికి ఒకప్పుడు ఈ ఎంజైమ్ చర్యనే పరీక్షించేవారు. 2006లో క్లిప్‌సీ, డీఎన్‌ఏబీ, ఆర్‌పీవోసీ, ఎక్స్‌ఎఫ్‌పీ సహా ఏడు జన్యువుల్ని వరుసగా కలిపి బిఫిడోల వంశవృక్షం గీశారు. 16ఎస్ వృక్షంలో పుల్లల్లా అతుక్కుపోయి కనిపించిన కొమ్మలు అందులో విడివిడిగా నిలబడ్డాయి.

ఎంటిరోకోకస్, ల్యూకోనోస్టాక్, వైసెల్లాలకు ఫెఎస్ జన్యువు నమ్మకమైనది, తోడుగా ఆర్‌పీవోఏ చదివిస్తే ఇంకా మంచిది. ఎంటిరోకోకస్ దగ్గర టఫ్ వాడేవాళ్లు జాగ్రత్త: ఆ ప్రజాతిలో కొన్ని జాతులకు టఫ్ రెండు కాపీలుంటుంది. రెంటి మూలాలూ వేరు. తెలియకుండా తప్పు కాపీని చదివితే వృక్షంలో దాని స్థానమే మారిపోతుంది.

బీజకణాలు కట్టే బాసిల్లస్‌లకు జైర్‌బీ. సబ్టిలిస్, దాని దగ్గరి బంధువులు 16ఎస్‌తో విడిపోవు, జైర్‌బీతో విడిపోతాయి. మన మందుల షాపుల్లో దొరికే కొన్ని బిళ్లల మీద ఇప్పటికీ లాక్టోబాసిల్లస్ స్పోరోజెనిస్ అని ఉంటుంది. ఆ పేరుకు శాస్త్రంలో చోటు లేదు. లోపలున్నది బాసిల్లస్ కోయాగులాన్స్. లాక్టోబాసిల్లస్‌లు బీజకణాలు కట్టవు, కాబట్టి ఆ పేరులోనే పొసగని మాట ఉంది. కోయాగులాన్స్‌ను కూడా ఇప్పుడు హెయిన్‌డ్రిక్సియా అనే ప్రజాతిలోకి మార్చారు.

ఒక్క ప్రోటీన్ జన్యువు మీదే పూర్తి భారం వేయకండి. బ్యాక్టీరియా పక్కదాని నుంచి డీఎన్‌ఏ ముక్కలు తీసుకుంటుంది. చదివించిన ఆ ఒక్క జన్యువే అలా వచ్చిందైతే తప్పు చుట్టరికం చూపిస్తుంది. రెండు మూడు జన్యువులు ఒకే మాట చెబితే ధైర్యంగా ఉండొచ్చు. ఇంకో ఇబ్బంది ప్రైమర్లు. ప్రోటీన్ జన్యువులకు అన్ని బ్యాక్టీరియాకూ పనికొచ్చే ప్రైమర్ ఉండదు. ముందు 16ఎస్‌తో గుంపు తెలిస్తేనే ఏ ప్రైమర్ తీయాలో తెలుస్తుంది. అందుకే 16ఎస్‌ను పక్కన పెట్టమనను.

మొత్తం జీనోమ్: ఎప్పుడు తప్పదు

లాక్టిక్ బ్యాక్టీరియా, బిఫిడోల జీనోమ్‌లు చిన్నవి, చాలావరకు 20 నుంచి 35 లక్షల అక్షరాల మధ్య ఉంటాయి. సీక్వెన్సింగ్ చవకైన ఈ రోజుల్లో నాలుగైదు జన్యువుల్ని విడివిడిగా చదివించే శ్రమ, ఖర్చు కలిపి చూసుకుంటే జీనోమ్ చదివించడమే తెలివైన పని అని చాలాసార్లు తేలుతుంది. రెండు జీనోమ్‌ల మధ్య సగటు అక్షర పోలిక 95–96 శాతం దాటితే ఒకే జాతి. దీన్నే ఏఎన్ఐ అంటారు. 2018లో సుమారు 90,000 జీనోమ్‌లను పోల్చి చూసినప్పుడు జాతుల మధ్య ఈ గీత దగ్గర స్పష్టమైన ఖాళీ కనిపించింది. ఏప్రిల్ 2020లో పాత లాక్టోబాసిల్లస్ ప్రజాతిని 25 ప్రజాతులుగా విడగొట్టడానికి ఆధారం కూడా జీనోమ్‌లే. లాక్టికేసీబాసిల్లస్, లాక్టీప్లాంటిబాసిల్లస్ లాంటి నోరు తిరగని పేర్లు వచ్చింది అప్పుడే.

జాతి పేరు తేలితే పని అయిపోయినట్టు కాదు, ఎందుకంటే మేలు చేసే గుణం చాలాసార్లు స్ట్రెయిన్‌ది. రామ్‌నోసస్ జీజీ, రామ్‌నోసస్ ఎల్‌సీ705 రెండూ ఒకే జాతి. 2009లో రెండు జీనోమ్‌లనూ పక్కపక్కన పెట్టి చూస్తే జీజీలో స్పా సీబీఏ అనే జన్యువుల వరుస కనిపించింది. పేగు గోడ మీది జిగురును పట్టుకునే వెంట్రుకల్లాంటి పిలైలను కట్టేవి అవే. ఎల్‌సీ705లో అవి లేవు. 16ఎస్ కాదు గదా, టఫ్, రెక్‌ఎ కూడా ఈ తేడా చెప్పలేవు.

మన పక్కనే జరిగిన పని చూడండి. ఒడిశా గ్రామాల్లో 4,556 మంది నవజాత శిశువుల మీద చేసిన పరీక్ష 2017లో వెలువడింది. ప్లాంటారమ్ జాతికి చెందిన ఏటీసీసీ 202195 అనే స్ట్రెయిన్‌ను ఒక చక్కెర పీచుతో కలిపి కొద్ది రోజులు పట్టించారు. సెప్సిస్ (ఒళ్లంతా ప్రమాదకరంగా పాకే ఇన్‌ఫెక్షన్), మరణం రెండూ కలిపి చూస్తే 9 శాతం నుంచి 5.4 శాతానికి తగ్గాయి. ఆ ఫలితం ఆ స్ట్రెయిన్‌కు చెందినది. మన పచ్చడి జాడీలో దొరికిన ప్లాంటారమ్‌కు అదే గుణం ఉందని రెక్‌ఎ బ్యాండ్ చూపించి చెప్పడానికి వీల్లేదు.

భద్రత సంగతి తేల్చేదీ జీనోమే. బిఫిడోబ్యాక్టీరియమ్ ఆనిమాలిస్ ఉపజాతి లాక్టిస్ ప్రపంచమంతా పెరుగుల్లో వాడుతున్నారు. దాని క్రోమోజోమ్ మీద టెట్ డబ్ల్యూ అనే టెట్రాసైక్లిన్ నిరోధక జన్యువు ఉంటుంది. ఇలాంటివి క్రోమోజోమ్ మీద ఉన్నాయా, పక్క బ్యాక్టీరియాకు సులువుగా దూకే ప్లాస్మిడ్ (క్రోమోజోమ్‌కు బయట ఉండే చిన్న డీఎన్‌ఏ) మీద ఉన్నాయా అన్నది తెలియాలి. గుర్తింపుకు వాడే మార్కర్ జన్యువు ఒకటి చదివి ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేం.

ఎవరన్నదా, ఏం చేస్తుందన్నదా

ఇక్కడ చాలామంది రెండు వేర్వేరు ప్రశ్నల్ని కలిపేస్తారు. పేగు గోడ కణాలకు ఆహారమయ్యే బ్యూటిరేట్ అనే ఆమ్లాన్ని తయారుచేసే బ్యాక్టీరియా ఎంత ఉందో చూడాలంటే 16ఎస్ సరైన సాధనం కాదు. ఆ పని చేసేవి వంశవృక్షంలో ఒక్క కొమ్మ మీద లేవు, ఇక్కడొకటి అక్కడొకటి ఉన్నాయి. బ్యూటిరిల్ కోఎ బదిలీ చేసే ఎంజైమ్ జన్యువును నేరుగా లెక్కించాలి. ఇది చుట్టరికం చెప్పే మార్కర్ కాదు, పని చెప్పే మార్కర్.

బిఫిడోల్లోని లాంగమ్ జాతిలో రెండు ప్రశ్నలూ ఒకచోట కలుస్తాయి. ఉపజాతి ఇన్‌ఫాంటిస్, ఉపజాతి లాంగమ్‌లను 16ఎస్ దాదాపు విడదీయలేదు. ఇన్‌ఫాంటిస్‌లో తల్లిపాలలోని ప్రత్యేక చక్కెరలను లోపలికి లాక్కుని జీర్ణించే 43,000 అక్షరాల జన్యు వరుస ఉంది. 2008లో దాని జీనోమ్‌తో పాటు బయటపడింది. ఉపజాతి లాంగమ్‌లో సాధారణంగా ఆ వరుస పూర్తిగా ఉండదు. కాబట్టి పసిబిడ్డల కోసం ఇన్‌ఫాంటిస్ వెతికేవాళ్లు ఆ వరుసలోని జన్యువులకే ప్రైమర్లు పెట్టుకోవాలి. పేరు, పని రెండూ ఒకేసారి తెలుస్తాయి. 35624 అనే స్ట్రెయిన్ ఏళ్ల పాటు ఇన్‌ఫాంటిస్ పేరుతో చలామణి అయింది. జీనోమ్ చూశాక ఉపజాతి లాంగమ్ అని తేలింది. 2016లో మార్కెట్లోని 16 ప్రోబయోటిక్ ఉత్పత్తుల్లో బిఫిడోలను డీఎన్‌ఏతో పరీక్షిస్తే, పరీక్షించిన నమూనాలన్నిటిలోనూ లేబుల్‌తో పూర్తిగా సరిపోయింది ఒక్కటే.

కాలనీలను గుర్తించే మాల్డీ టాఫ్ యంత్రం గురించి ఒక్క మాట. రోజుకు వందల కాలనీలు చూడాల్సిన చోట అది వేగంగా, చవకగా పని చేస్తుంది. అది ప్రోటీన్ల బరువుల్ని చూసేది, జన్యువును కాదు. దగ్గరి దాయాదుల దగ్గర దాని లైబ్రరీ ఎంత మంచిదన్నదాన్ని బట్టే జవాబుంటుంది. వడపోతకు వాడండి, తుది పేరుకు వద్దు.

ఎవరికి ఏది

ప్రాజెక్టు విద్యార్థి చేతిలో ముప్పై నలభై కాలనీలుంటే అన్నిటికీ 16ఎస్ చేయించి డబ్బు పోగొట్టుకోవద్దు. ముందు జీటీజీ5 ప్రైమర్‌తో రెప్ పీసీఆర్ (స్ట్రెయిన్‌కు వేలిముద్రలాంటి బ్యాండ్ల వరుస ఇచ్చే పద్ధతి) వేసి జెల్ మీద ఒకే నమూనా ఇచ్చేవాటిని ఒక గుంపుగా పెట్టండి. నలభైలో సగానికి పైగా ఒకదానికొకటి నకళ్లే కావచ్చు. గుంపుకొకటి చొప్పున తీసి 16ఎస్ రెండు వైపులా చదివించండి. వచ్చిన ప్రజాతిని బట్టి పైన చెప్పిన రెక్‌ఎ, మ్యూట్‌ఎల్, హెచ్‌ఎస్‌పీ60, ఫెఎస్‌లలో ఒకదానికి వెళ్లండి. చివరికి మిగిలిన ఒకట్రెండు మంచి స్ట్రెయిన్‌లకు మాత్రం జీనోమ్.

మలంలో మొత్తం సమూహాన్ని చూసేవాళ్లకు వీ3–వీ4 ముక్క ప్రజాతి స్థాయి చిత్రం ఇస్తుంది. ఆ ఫలితాన్ని పట్టుకుని జాతి పేర్లతో పట్టిక వేయడం ఒప్పుకోలేని పని. జాతులు కావాలంటే పొడవుగా చదివే యంత్రంతో పూర్తి 16ఎస్, బిఫిడోలే ముఖ్యమైతే గ్రోఈఎల్ ముక్క లేదా 16ఎస్–23ఎస్ మధ్య భాగం, స్ట్రెయిన్‌లు కావాలంటే నమూనాలోని డీఎన్‌ఏ అంతటినీ చదివే షాట్‌గన్ పద్ధతి.

ఉత్పత్తి తీసుకొచ్చేవాళ్లకు ఎంపిక లేదు, జీనోమే. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), కేంద్ర బయోటెక్నాలజీ విభాగం (డీబీటీ) కలిసి 2011లో ఇచ్చిన మార్గదర్శకాలు ప్రజాతి, జాతి, స్ట్రెయిన్ మూడూ తేల్చమంటాయి, స్ట్రెయిన్‌ను గుర్తింపు ఉన్న కల్చర్ భాండాగారంలో జమ చేయమంటాయి. మన దేశంలో చండీగఢ్‌లోని ఎంటీసీసీ అలాంటిది. కర్నాల్‌లో పాల కల్చర్లకు ప్రత్యేకంగా ఎన్‌సీడీసీ ఉంది. జీనోమ్ 30 రెట్ల లోతుకు, అంటే ఒక్కో అక్షరం సగటున 30 సార్లకు, తగ్గకుండా చదివించండి. ప్రతి కొత్త బ్యాచ్‌కూ జీనోమ్ అక్కర్లేదు. ఆ జీనోమ్‌లో మీ స్ట్రెయిన్‌కే ప్రత్యేకమైన చోటు వెతికి దానికి ప్రైమర్ తయారుచేసుకుంటే చాలు.

దుకాణంలో డబ్బా తిప్పి చూసేవాళ్లు మూడు భాగాల పేరు ఉందో లేదో చూడండి: ప్రజాతి, జాతి, ఆ తర్వాత అక్షరాలో అంకెలో ఉన్న స్ట్రెయిన్ గుర్తు. మూడోది లేకపోతే ఆ డబ్బాకు ఏ పరిశోధన వర్తిస్తుందో చెప్పలేం.

రిపోర్టు రాసేటప్పుడు ఏ జన్యువు, ఎన్ని అక్షరాలు, ఏ ప్రామాణిక స్ట్రెయిన్‌తో ఎంత శాతం పోలిక అన్నది పేరు పక్కనే రాయండి. 16ఎస్ ఒక్కటే చేయించి ప్లాంటారమ్ గుంపు దగ్గర ఆగిపోతే లాక్టీప్లాంటిబాసిల్లస్ ప్లాంటారమ్ గుంపు అనే రాయండి. గ్లిసరాల్‌లో కలిపిన స్టాక్ మైనస్ 80లో ఉంటే రెక్‌ఎ తర్వాతైనా వేసుకోవచ్చు.